పాత సామాన్లలో దొరికే నిధులు: నల్లగొండ, పాలమూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది నల్లగొండలో, మా అమ్మగారి ఊరు పాలమూరు దిక్కు. పన్నెండేళ్ళుగా వీలున్నప్పుడల్లా పాత ఇనుప సామాన్ల కొట్లు, సెకండ్ హ్యాండ్ ఫర్నిచర్ షాపులు, వారం అంగళ్ళు తిరుగుతున్నాను. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

నిజంగా ఏమైనా దొరుకుతాయా, లేక అంతా కట్టుకథేనా?

దొరుకుతాయి. కానీ మీరు ఊహించుకునే బంగారం, వజ్రాలు కాదు. 1989లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒకాయన పాత వస్తువుల సంతలో 4 డాలర్లకు ఒక పటం కొన్నాడు. బొమ్మ నచ్చలేదు, ఫ్రేము నచ్చింది. ఫ్రేము విప్పితే వెనక మడతపెట్టిన కాగితం ఉంది. అది 1776లో అచ్చయిన అమెరికా స్వాతంత్ర్య ప్రకటన తొలి ప్రతుల్లో ఒకటి, 1991 వేలంలో 24 లక్షల డాలర్లు దాటింది. 2007లో షికాగోలో ఒక కుర్రవాడు వేలంలో ఫిల్మ్ నెగటివులున్న డబ్బా కొన్నాడు, వాటిని తీసినామె ఇళ్ళల్లో ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్. బతికున్నన్నాళ్ళూ ఆమె ఎవరో ప్రపంచానికి తెలియదు, ఈరోజు వీధి ఫోటోగ్రఫీ అంటే ఆమె పేరు చెప్తారు.

ఈ రెండు సంగతుల్లోనూ గమనించండి, దొరికింది లోహం కాదు, కాయితం, ఫిల్మ్. నా అనుభవం కూడా అదే. తూకం వేసి అమ్మే వస్తువుల్లో తూకానికి రానిదే అసలు విలువైనది. అందరూ ముందు అవతల పడేసేది కూడా అదే, ఈ పేజీ రాయడానికి నాకున్న పెద్ద కారణం అది.

మన దిక్కు పాత ఇంటి సామాను కొట్లకు ఎట్లా వస్తుంది?

చాలా దారులు. పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు, దేశంలో ఎక్కడ డ్యామ్ కడితే అక్కడికి వలస పోయిన కుటుంబాలు తరాల తరబడి ఉన్నాయి, ఇల్లు మూసి పోయినవాళ్ళు తిరిగి వచ్చేసరికి పైకప్పు కూలి ఉంటుంది, మిగిలింది అమ్ముకుంటారు. శ్రీశైలం ప్రాజెక్టు నిండినప్పుడు కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళు మునిగాయి, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించారు. గుడిని తరలించడానికి సర్కారు ఉంది, ఇంట్లో ఉన్న గంగాళాన్ని, దర్వాజను, సందూకను తరలించడానికి బండి కిరాయి కూడా లేనివాళ్ళు ఎంతమందో. అవన్నీ దొరికిన ధరకు పోయాయి. ఇప్పుడేమో పాత పెంకుటిల్లు కూల్చి స్లాబు వేస్తున్నారు, అన్నదమ్ములు పంచుకుంటున్నారు, హైదరాబాద్ ఫ్లాట్‌లో గంగాళం పట్టదు. మైకు పెట్టుకుని "పాత ఇనుము, పాత ఇత్తడి కొంటాం" అని ఆటో వస్తుంది, పదినిమిషాల్లో మూడు తరాల సామాను ఎక్కేస్తుంది.

ఎక్కడ వెతకాలి?

మీ ఊళ్ళోనే. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి, ఎక్కడైనా బస్టాండుకు కాస్త దూరంలో పాత ఇనుప సామాన్ల కొట్లు వరుసగా ఉంటాయి. బేరం కుదిరే చోటు అదే. హైదరాబాద్ పోయే పని పడితే గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ అంగడి, పుస్తకాలకైతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. కానీ హైదరాబాద్ చేరేసరికి సరుకు నాలుగు చేతులు మారుతుంది, లోపలి కాయితాలన్నీ ఎక్కడో రాలిపోయి ఉంటాయి. అది ఏ ఊరి సామానో చెప్పేవాళ్ళు కూడా ఉండరు. జిల్లా కొట్లో అయితే సేటు "ఇది నకిరేకల్ దిక్కు నుంచి వచ్చింది" అనైనా చెప్తాడు, ఆ ఒక్క ముక్క తర్వాత చాలా పనికొస్తుంది.

కొనేటప్పుడు ఎక్కడెక్కడ చూడాలి?

సొరుగు పూర్తిగా బయటకు లాగి తిరగేయండి, అడుగు భాగాన చెక్కకూ చెక్కకూ మధ్య కాయితాలు ఇరుక్కుంటాయి. బీరువా లాకరు లోపల వెనక గోడను వేలితో కొట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తే చోర్ అర ఉండొచ్చు. కుట్టు మిషన్ బల్లకున్న చిన్న సొరుగు, గోడ గడియారం పెండ్యులం అడుగు, పటం వెనక అట్ట. కోటు లోపలి జేబు, లంగా నాడా పట్టీ, దిండు మూల కూడా వదలొద్దు. పుస్తకమైతే వెన్ను పట్టుకుని కింద గుడ్డ పరిచి మెల్లగా దులపండి. రేడియో కొంటే వెనక మూత తీసి చూడండి, ఒకప్పుడు రేడియోకు కూడా పోస్టాఫీసులో ఏటా లైసెన్సు ఫీజు కట్టేవాళ్ళు, ఆ చిన్న పుస్తకం స్టాంపులతో సహా రేడియోలోనే ఉండిపోయినవి రెండు చూశాను నేను.

ఇదంతా కొట్లోనే, అమ్మేవాడి ముందే చేయండి. ఇంటికి తెచ్చుకుని తలుపేసుకుని వెతకడం నాకు నచ్చదు. ఎందుకో కింద బంగారం ప్రశ్నలో చెప్తాను.

మీకు దొరికినవాటిలో అన్నిటికన్నా గొప్పది ఏది?

ఒక వేలిముద్ర.

నల్లగొండలో ఒక పాత సామాన్ల కొట్లో 600 రూపాయలకు ఇనుప సందూక కొన్నాను. ఆకుపచ్చ రంగు పొరలు పొరలుగా లేచి ఉంది, గొళ్ళెం వంకర, అడుగున పేపర్ పరిచి గంజితో అంటించారు. తుప్పు గీకాలంటే పేపర్ తీయక తప్పదు, తడిగుడ్డ పెట్టి అరగంట ఆగి ఒక మూల నుంచి లేపుతూ పోతే కింద ఇంకో పేపరు, దాని కింద నాలుగు మడతల మందపు కాయితం. ఉర్దూ. పైన నిజాం సర్కారు స్టాంపు ముద్ర, కింద ఎడమ పక్కన మూడు వేలిముద్రలు, ఒక్కొక్క ముద్ర పక్కన సన్నటి అక్షరాలతో ఏదో రాసి ఉంది. నాకు ఉర్దూ మాట్లాడడం వస్తుంది, చదవడం రాదు. తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారు దగ్గరికి తీసుకుపోతే ఆయన భూతద్దం పెట్టుకుని చదివారు. దేవరకొండ దిక్కు ఒక ఊరు, ఒక చెలక (మెట్ట భూమి) అమ్మకం, కొన్నవాడి పేరు, అమ్మినవాడి పేరు, సాక్షులు. వేలిముద్ర పక్కన రాసింది ఆ ముద్ర ఎవరిదో అని.

ఆ ఊరు పోయాను. హోటల్లో చాయ్ తాగుతూ పేరు అడిగితే అక్కడున్న ముసలాయన "ఆ ఇంటోళ్ళు అంతా పట్నం పోయిండ్రు, కోడలు ఒక్కతె ఉంటది" అని ఇల్లు చూపించాడు. ఆమెకు ఎనభై దాటి ఉంటాయి. కాయితం ఇచ్చి సంగతి చెప్పాను. ఆమె కాయితంలో అక్షరాల దిక్కు చూడలేదు, చదువు రాదు. మూడో ముద్ర తన మామదని నేను చెప్పగానే తన బొటనవేలు దాని పక్కన పెట్టి చూసుకుంది, కాసేపటికి "మా మామకు ఈ వేలు మీద గంటు ఉండె, కొడవలి తాకింది" అంది. ముద్రలో అడ్డంగా తెల్లటి గీత ఉంది. నేను నెలరోజులు ఆ కాయితం దగ్గర పెట్టుకుని అది మడత పడ్డ గీత అనుకున్నాను.

ఆ చెలక ఎప్పుడో అమ్ముకున్నారట, ఆ కాయితంతో పైసా రాదు. మామ ఫోటో ఒక్కటి కూడా ఇంట్లో లేదు. అందుకే ఆమె దాన్ని దేవుడి గూట్లో పెట్టించింది.

పాత భూమి కాయితాలు దొరికితే ఏం చేయాలి?

పై సంగతి చదివాక ఇది చెప్పక్కర్లేదు కానీ చెప్తాను, పారేయొద్దు. సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రికార్డు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు) నకలు, రక్షిత కౌలుదారుకు ఇచ్చిన 38-ఈ యాజమాన్య సర్టిఫికెట్, సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాయితం మీద రాసుకున్న అమ్మకం), పాత పట్టాదారు పాసు పుస్తకం, వీటిలో ఏ ఒక్కటి లేక ఆఫీసుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగే కుటుంబాలు మన జిల్లాల్లో ప్రతి ఊళ్ళో ఉన్నాయి. కాయితం మీద ఊరి పేరు, సర్వే నంబరు ఉంటాయి కాబట్టి మనిషిని పట్టుకోవడం కష్టం కాదు, గ్రామ పంచాయతీలో అడిగితే చాలు. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం తిప్పకండి. సర్వే నంబరు, పేరు, సంతకం కనిపించే కాయితం ఎవరి చేతికి పోతుందో మనకు తెలియదు, భూమి గొడవ పెట్టాలనుకునేవాడికి అది చాలు. చదువులు ముగిసినవాళ్ళ పదో తరగతి మెమోలు, కులం సర్టిఫికెట్లు కూడా ఇంతే.

చార్మినార్ బొమ్మ ఉన్న నాణెం దొరికింది, ఎంత వస్తుంది?

దాన్ని హాలి సిక్కా అంటారు. హైదరాబాద్ సంస్థానానికి సొంత డబ్బు ఉండేది, బ్రిటిష్ ఇండియా రూపాయిని మనవాళ్ళు కల్దార్ అనేవాళ్ళు, 7 హాలి రూపాయలు 6 కల్దార్ రూపాయలకు సమానం. చార్మినార్ మధ్య కమానులో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది చూడండి, మీమ్ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలం, మన మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది, ఐన్ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలం. మీద ఉండే సంవత్సరం హిజ్రీది, క్రీస్తు శకం కాదు. 1330 అని చదివి ఏడువందల ఏళ్ళ నాణెం అని నాకు ఫోన్ చేసినవాళ్ళు ఉన్నారు, అది 1912 ప్రాంతం.

చార్మినార్ వెండి రూపాయి 11 గ్రాములు దాటి తూగుతుంది, అందులో నూటికి 82 పాళ్ళ దాకా వెండి. రాణి బొమ్మ, రాజు బొమ్మ ఉన్న బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, 1940కి ముందువి 91.7 శాతం వెండి, తర్వాత సగానికి తగ్గించారు, 1947 నాటికి వెండే లేదు, నికెల్. తులం అంటే మొదట ఆ రూపాయి బిళ్ళ ఎత్తే, ఇప్పుడు మన దగ్గర తులం అంటే 10 గ్రాములు అయిపోయింది. ధర గురించి ఒకటే చెప్తాను, వెండి ధర కనీసం వస్తుంది, ఆపైన వచ్చేది నాణెం ఎంత స్పష్టంగా ఉంది, ఏ సంవత్సరం అనేదాన్ని బట్టి. చింతపండు పెట్టి తోమారంటే ఆ ఆపైన వచ్చేది పోయినట్టే.

ట్రాక్టర్ బొమ్మ 5 రూపాయల నోటుకు లక్షలు ఇస్తారట కదా?

ఇవ్వరు. ఆ నోట్లు కోట్లలో అచ్చయ్యాయి. ముందు లక్షలు ఇస్తామంటారు, తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు అంటారు, పన్ను అంటారు, రిజర్వు బ్యాంకు కమీషన్ అంటారు, మీ జేబులోంచి పోతూనే ఉంటుంది. తన పేరు వాడుకుని పాత నోట్లు, నాణేలు కొంటామని మోసం చేస్తున్నారని, తాను అలాంటి వ్యాపారం చేయదని, ఫీజులేమీ అడగదని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. హనుమంతుడి బొమ్మ, రామ పట్టాభిషేకం బొమ్మ ఉండి 1818 అని, ఈస్టిండియా కంపెనీ అని ఉన్న బిళ్ళలు కూడా అంతే, కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ కొట్టలేదు. ఎవరో గుళ్ళ దగ్గర అమ్మకానికి చేసినవి.

రైస్ పుల్లింగ్ చెంబు అని ఒకాయన చూపిస్తున్నాడు, కొనమంటారా?

వద్దు. బియ్యపు గింజలను లాక్కునే చెంబు అనేది లేదు. పిడుగు పడ్డ రాగి అని, ఇరిడియం అని, విదేశీ కంపెనీ కోట్లు ఇస్తుందని చెప్తారు, గింజల్లో ఇనుప రజను కలిపి అయస్కాంతంతో చూపిస్తారు. మన రెండు జిల్లాల్లోనూ దీనికి పొలాలు అమ్ముకున్నవాళ్ళు ఉన్నారు. పాత టీవీలో రెడ్ మెర్క్యురీ అనే కోట్ల విలువైన పదార్థం ఉంటుందనేది కూడా ఇలాంటి అబద్ధమే. ఇలాంటి మాట చెప్పిన మనిషి దగ్గర మంచి వస్తువు ఉన్నా కొనకండి, పోలీసులకు చెప్పండి.

పాత ఇత్తడి, రాగి సామాను శుభ్రం చేయొచ్చా?

మామూలు బిందె, గంగాళం అయితే తోముకోండి, అది తోముకోవడానికే చేశారు. తోమే ముందు ఒక్కసారి అంచు చుట్టూ వేలు పెట్టి తడిమి చూడండి. పెండ్లి సామాను మీద పేరు కొట్టించేవాళ్ళు, చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా. మా ఇంట్లో ఉన్న ఒక బిందె మీద పుట్టింటి ఊరి పేరు, సంవత్సరం, అమ్మాయి పేరు మాత్రమే ఉన్నాయి. ఊరి పేరులో చివరి అక్షరానికి చోటు చాలక కొట్టినాయన దాన్ని పై వరుసకు ఎక్కించాడు. కిలో లెక్కన కరిగించే దుకాణం నుంచి దాన్ని తెచ్చాను, ఆమె ఎవరో ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.

వంటకు వాడుకోవాలంటే లోపల కళాయి (తగరం పూత) ఉందో లేదో చూడండి, లేకపోతే పులుసు, చారు, మజ్జిగ అందులో పెట్టొద్దు, కళాయి పెట్టించాకే వాడండి. ఇక నల్లగా, బరువుగా, మధ్యలో తెల్లటి గీతలతో పూలు, లతలు కనిపిస్తే ఆగండి, అది బిద్రీ అయి ఉండొచ్చు. జింకు, రాగి కలిపిన లోహంలో వెండి పొదిగి, మట్టితో నల్లబరుస్తారు, ఆ నలుపే దాని అందం. చింతపండు, నిమ్మకాయ, పీచు తగిలిందా నలుపు పోతుంది. మెత్తటి గుడ్డకు కొంచెం కొబ్బరినూనె రాసి తుడవండి, అంతే.

అంగడిలో పాత బట్టల కుప్పలో కూడా విలువైనవి ఉంటాయా?

ఉంటాయి, మన జిల్లాల్లో మరీ. పుట్టపాక తేలియా రుమాలు పేరు విన్నారా? నూలును నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత ముళ్ళు కట్టి రంగు అద్ది నేస్తారు, ఎరుపు, నలుపు, తెలుపు ప్రధానంగా ఉంటాయి. పాతదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నటి నూనె వాసన ఇంకా తెలుస్తుంది. దీనికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలపాగాలుగా పోయిన గుడ్డ ఇది, అలాంటిది మిర్యాలగూడలో సైకిల్ తుడవడానికి వాడుతుంటే చూసి కొత్త తువ్వాల కొనిచ్చి మార్చుకున్నాను. వాడికి అదేమిటో చెప్పే మార్చుకున్నాను, వాడు నవ్వి తీసుకోమన్నాడు.

నేసిన డిజైనో అచ్చు వేసిందో తెలియాలంటే తిరగేసి చూడండి. పోచంపల్లి చీరైనా, తేలియా రుమాలైనా రంగు నూలుకే పడుతుంది కాబట్టి రెండు దిక్కులా ఒకేలా ఉంటుంది, పువ్వు అంచు గీత గీసినట్టు కాకుండా కొంచెం చెదిరినట్టు ఉంటుంది. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు, కొంగు పట్టు, రెండూ కలిసే చోటు వేళ్ళతో తడిమితే తెలుస్తుంది. పాత పట్టుచీరలు కొంటామని వచ్చేవాళ్ళు జరీ కరిగించి వెండి తీసుకోవడానికే కొంటారు. చీర పూర్తిగా చివికిపోతే సరే, బాగున్న చీరను మాత్రం కరగడానికి ఇవ్వకండి, ఆ డిజైన్ నేసినాయన ఇప్పుడు ఉండడు.

తాళపత్రాలు దొరికాయి, విప్పి చూడొచ్చా?

అతుక్కుని ఉంటే లాగొద్దు, ఆకు చీలిపోతుంది. నీళ్ళు తగలొద్దు, ఎండలో పెట్టొద్దు, రబ్బరు బ్యాండు వేయొద్దు. శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి రెండు చెక్కల మధ్య పెట్టండి. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంగణంలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది, అక్కడ చదివేవాళ్ళూ ఉన్నారు, నిమ్మగడ్డి నూనె రాసి భద్రం చేయడం తెలిసినవాళ్ళూ ఉన్నారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నందుకు సురవరం ప్రతాపరెడ్డి గారు ఊరూరి నుంచి వివరాలు సేకరించి 1934లో 354 మంది కవులతో సంచిక వేశారు. ఆయన మన పాలమూరు మనిషే. ఆ కవుల ఇళ్ళల్లో ఎన్ని తాటాకులు అటకల మీద ఉండిపోయాయో, ఎన్ని పొయ్యిలోకి పోయాయో. పేరు లేని తాటాకు కట్ట చేతికి వస్తే నాకు ముందు అదే గుర్తొస్తుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్ళు దాటిన నాణెం, విగ్రహం, చిత్రం లాంటివి పురావస్తువులు, లిఖిత ప్రతులకైతే 75 ఏళ్ళే. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి, దేశం దాటించడం కుదరదు. రాతి విగ్రహం, పంచలోహ విగ్రహం ఏదైనా పాత సామాన్లలో కనిపిస్తే కొననే కొనొద్దు, ఏ గుడి నుంచి పోయిందో. నల్లగొండ దగ్గర పానగల్లులో, మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రిలో మ్యూజియాలు ఉన్నాయి, వాళ్ళకు చెప్పండి.

పాత ఫోటోలు?

తడిగుడ్డ పెట్టకండి. అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను ఊడబెరకకండి, అద్దంతో సహా ఫోన్‌తో ఫోటో తీసుకోండి. వెనక ఉన్న స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత కూడా తీయండి, మనిషిని వెతకడానికి పనికొచ్చేది అదే. జిగురు షీట్ల ఆల్బమ్‌లో పెట్టొద్దు. పెండ్లి ఫోటో అయితే ఆ ఊరి పాత ఫోటో స్టూడియోలో చూపించండి, చాలాసార్లు గుర్తుపడతారు.

బీరువాలో బంగారం, డబ్బు దొరికితే అది నాదేనా?

కాదు. మీరు బీరువా కొన్నారు, అమ్మినవాడు బీరువానే అమ్మాడు. లోపల గొలుసు ఉందని ఇద్దరికీ తెలియదు కాబట్టి దాని బేరమే జరగలేదు. దొరికిన వస్తువును జాగ్రత్తగా చూసుకునే బాధ్యత దొరికినవాడి మీద ఉంటుందని కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ చెప్తుంది. సొంతదారు ఎవరో తెలిసీ, లేదా తెలుసుకునే దారి ఉండీ, కనీస ప్రయత్నం చేయకుండా సొంతం చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం. ముందు కొట్టు సేటుకు చెప్పండి, ఎవరి దగ్గర కొన్నాడో అతనికి తెలిసి ఉంటుంది. అక్కడ దొరకకపోతే పోలీస్ స్టేషన్‌లో రాసిచ్చి రసీదు తీసుకోండి.

అమ్మేవాడి ముందే వెతకమని పైన చెప్పింది ఇందుకే. అమ్మిన ఇంట్లో ఒక ముసలామె గొలుసు పోయిందని కోడలినో, పనిమనిషినో అనుమానించి ఉండొచ్చు. ఆ టెన్షన్ ఆ ఇంట్లో ఎన్నేళ్ళుగా ఉందో మనకు తెలియదు.

పాత ఇల్లు కొని గోడ కూలుస్తుంటే కుండ దొరికింది, దానికీ ఇదేనా?

దానికి వేరే చట్టం, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం. నేలలో గాని, నేలకు అంటుకుని ఉన్నదానిలో గాని దాచిపెట్టింది దొరికి, విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. గోడ కూడా దాని కిందికే వస్తుంది. గుప్తనిధి అని రాత్రిపూట గుళ్ళ దగ్గర తవ్వేవాళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు, వాళ్ళ వల్ల మన దిక్కు ఎన్ని శాసనాలు, ఎన్ని విగ్రహాలు పగిలిపోయాయో తలచుకుంటే కడుపు మండుతుంది.

రద్దయిన నోట్లు దొరికితే?

2016 నవంబర్ 8న రద్దయిన 500, 1000 నోట్లు ఇప్పుడు ఏ బ్యాంకూ తీసుకోదు. గుర్తుగా 10 దాకా ఉంచుకోవచ్చు, నాణేలు, నోట్ల అధ్యయనం కోసమైతే 25 దాకా. అంతకు మించి ఉంచుకుంటే జరిమానా. 2000 నోటు అలా కాదు, 2023లో వెనక్కి తీసుకున్నా చెల్లుబాటు పోలేదు, హైదరాబాద్‌లోని రిజర్వు బ్యాంకు ఆఫీసులో మార్చుకోవచ్చు, పోస్టులో కూడా పంపొచ్చు.

సెకండ్ హ్యాండ్ ఫోన్‌లో వేరేవాళ్ళ ఫోటోలు ఉన్నాయి

చూడకండి. అమ్మినవాళ్ళ నంబరు దొరికితే ఒక్క ఫోన్ చేసి "మీ ఫోటోలు ఉన్నాయి, కావాలా" అని అడగండి, పోయిన మనిషి చివరి ఫోటోలు అందులోనే ఉండిపోయి ఉండొచ్చు. వద్దంటే పూర్తిగా రీసెట్ చేయండి. కొనే ముందే *#06# నొక్కి ఆ ఫోన్ గుర్తింపు నంబరు (ఐఎంఈఐ) తీసుకుని, కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కు మెసేజ్ పంపితే అది దొంగ ఫోన్ జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే కొనకండి.

మా ఇంట్లో పాత సామాను అమ్ముతున్నాం, ముందు ఏం చూసుకోవాలి?

ఇంట్లో అందరికన్నా పెద్దావిడను పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ప్రతి వస్తువు ఆమె ముందు నుంచి పోవాలి. సొరుగులు, జేబులు, దిండ్లు, డబ్బా అడుగులు చూడండి, బియ్యం డబ్బా, పోపుల పెట్టె కూడా. పేరు కొట్టిన గిన్నె ఉంటే ఎవరి పేరో అడిగి రాసి పెట్టుకోండి, అమ్మినా ఫోటో ఉంటుంది. అమ్మాక కొట్టు పేరు, ఆటో నంబరు రాసుకోండి, రేపు ఏదైనా గుర్తొస్తే వెంటనే పరుగెత్తడానికి.

పొరపాటున పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆ కొట్టుకు పోయి అడగండి, సిగ్గు పడొద్దు. మహబూబ్‌నగర్‌లో నాకు తెలిసిన ఒక సేటు కొట్లో తక్కెడ పక్కన మేకుకు ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతుంటుంది. సామాన్లలో దొరికిన ఫోటోలు, మెమోలు, పాసు పుస్తకాలు, తాళం చెవులు, ఎవరిదో పుస్తెల తాడుకున్న పసుపు కొమ్ము, అన్నీ అందులో వేస్తాడు. నిండితే ఇంకో కవరు తగిలిస్తాడు గాని పాతదాన్ని పారేయడు. పోయినసారి నేను వెళ్ళినప్పుడు ఒక అబ్బాయి వచ్చి తన పదో తరగతి మెమో అందులోంచి తీసుకుపోయాడు.